కొత్త బ్యారెల్‌కి తొలి రౌండ్లు

నా 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ పాత బ్యారెల్ పని అయిపోయింది. ఈ క్యాలిబర్ బ్యారెళ్ళు గురి చెడకుండా సుమారుగా 2,000 నుంచి 3,000 రౌండ్లు వస్తాయి, నాదీ అంతే వచ్చింది. గన్‌స్మిత్ కొత్త స్టెయిన్‌లెస్ బ్యారెల్ బిగించి ఇచ్చాడు. ఇక్కడ టెక్సాస్‌లో నాతో రేంజికొచ్చే తెలుగు కుర్రాడు చూసి, "అన్నా, కొత్త బ్యారెల్‌ని రౌండుకోసారి కడగడమేంటి?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

ఇలా కాలుస్తూ, కడుగుతూ కొత్త బ్యారెల్‌ని దారికి తేవడాన్నే బ్రేక్‌ఇన్ అంటారు. అది చేసేది బ్యారెల్ మొత్తానికి కాదు. మంచి కంపెనీలు బ్యారెల్ లోపలంతా, బుల్లెట్‌ని తిప్పే గాళ్ళు సాగిన దారి వెంటే, చేత్తో ల్యాపింగ్ చేసి (అంటే రుద్ది) నున్నగా పంపిస్తాయి. చిక్కంతా త్రోట్ దగ్గరే, అంటే రౌండు కూర్చునే ఛాంబర్ అయిపోయి గాళ్ళు మొదలయ్యే చోట. ఛాంబర్ తొలిచే రీమర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దాని గీతలు గాళ్ళ మధ్య గట్లకి అడ్డంగా పడతాయి. బుల్లెట్ ఆ గరుకు మీంచి దూసుకెళ్తూ తన రాగి తొడుగుని కొంచెం గీరించుకుంటుంది. ఆ రాగి వేడి గ్యాసుతో పాటు ముందుకు పోయి లోపలి గోడలకి పట్టేస్తుంది. కడక్కపోతే తర్వాతి రౌండు దాని మీదే ఇంకో పొర వేస్తుంది. గరుకుని అరగదీసేవి బుల్లెట్లే. మన పని మధ్యమధ్యలో రాగి తీసెయ్యడం, అంతే.

మొదట్లో ఒక్కో రౌండుకీ కడుగుతాను. కడిగే రాడ్‌ని తిన్నగా నడిపే గొట్టం, అదే బోర్ గైడ్, పెట్టి, రాడ్ ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే. రాడ్ కొసన గుడ్డముక్కని పట్టే జాగ్ ఇత్తడిది వాడను, రాగిని కరిగించే సాల్వెంట్‌కి అదే నీలం వదిలి మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. అమ్మోనియా ఘాటు ముక్కుకి కొడుతుంటే తడి గుడ్డముక్క తోసి, కొన్ని నిమిషాలు ఆగి ఇంకోటి తోస్తాను. ముందు నల్లటి మసి వస్తుంది. ఆ తర్వాత వచ్చేది రాగి: అచ్చం మైలుతుత్తం నీళ్ళలో ముంచి తీసినట్టుంటుంది ఆ ముక్క. నీలం పూర్తిగా పోయాక పొడి గుడ్డతో తుడిచి, అప్పుడే ఇంకో రౌండు. సాల్వెంట్ తడి మీద కాల్చకూడదు.

ఎన్ని రౌండ్లకి ఆపాలన్నది అంకె చూసి కాదు, గుడ్డ చూసి తేల్చుకోవాలి. స్టెయిన్‌లెస్ త్వరగా దారికొస్తుంది, క్రోమోలీ ఉక్కు కాస్త మొండిది. ఈ బ్యారెల్‌కి అయిదో రౌండు దాటాక నీలం ఒక్కసారిగా పలచబడింది, అక్కణ్ణుంచి మూడేసి రౌండ్లకి మారాను. బ్యారెల్ తయారీలో పేరున్న గేల్ మెక్‌మిలన్ ఈ పద్ధతినే ఒప్పుకునేవాడు కాదు, కాల్చే ప్రతి రౌండూ బ్యారెల్ ఆయుష్షులోంచే పోతుందని ఆయన వాదన. ఆ మాటలో నిజముంది. అందుకే నీలం తగ్గాక కూడా పుస్తకంలో రాశారని యాభై రౌండ్లూ ఈ తంతు నడిపేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గరుకు పోయాక ఇంక అరగదీసేదేముంది?

లోడు, అంటే రౌండులో పోసుకునే పౌడరు కొలత, మాత్రం ఇప్పుడే ఖాయం చెయ్యను. మొదటి 100, 200 రౌండ్లలో కొత్త బ్యారెల్‌లోంచి వెళ్ళే బుల్లెట్ వేగం పెరగడం మామూలే. ఇవాళ సరిగ్గా కుదిరిన పౌడరు కొలత అప్పటికి ఎక్కువైపోవచ్చు. అందాకా బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని, తక్కువ ధర రౌండ్లు కాలుస్తూ వేగం రాసుకుంటాను. ఆ అంకె ఒకచోట నిలబడ్డాకే ఖరీదైన బుల్లెట్ల డబ్బా తెరుస్తాను.