పాత కారు పెయింట్: పాలిష్ కంటే ముందు తలుపుల అడుగు చూడండి

పాత కారు మెరవాలంటే అందరూ ముందు పాలిష్ డబ్బానే తీస్తారు. ముందు చూడాల్సింది తలుపుల అడుగు అంచు. అక్కడ నీళ్లు కారిపోయే సన్నటి రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, రేకు లోపలి వైపు నుంచే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పుల్లతో పొడిచి తెరవండి.

పెయింట్ కింద పొక్కు లేచిందా? పైన టచప్ పూసేసి వదిలేయొద్దు, తుప్పు అడుగున పాకుతూనే ఉంటుంది. 80 నంబర్ ఎమరీ కాగితంతో మెరిసే రేకు తేలేదాకా రుద్ది, అంచుల్ని 180, తర్వాత 320తో నున్నగా చేసి, ఎపాక్సీ ప్రైమర్ (తుప్పును అడ్డుకునే అడుగు పూత) వేయాలి. గుంటల్లో మిగిలే నల్లచుక్కలూ తుప్పే, వదలొద్దు.

ఇక పాలిష్. రంగు మీద ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం సాధారణంగా 40-50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మడతల అంచుల్లో ఇంకా పలచన, అక్కడ టేపు అంటించండి. గుడ్డకు కారు రంగు అంటిందంటే పైన క్లియర్ కోట్ లేనట్టే, అక్కడికక్కడ ఆపండి.