బరంపురం మేడ మీద జర్మన్ గాలులు

ఈరోజు డ్యూటీ లేదు. పొద్దున్నే జర్మన్ పుస్తకం పట్టుకుని మేడెక్కాను. అమ్మ అప్పటికే పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది.

వాతావరణం పాఠం. వాన రేగెన్, మంచు ష్నే, పొగమంచు నేబెల్, వడగళ్లు హాగెల్. అన్నీ పుంలింగాలే, ముందు డెర్ చేరుతుంది. గాలి కూడా డెర్ వింట్. ఉరుములు మెరుపులతో వచ్చే గెవిట్టర్ మాత్రం నపుంసకం, డాస్. జర్మన్‌లో నాకు అసలు టెన్షన్ ఈ లింగాలతోనే, ఇక్కడ ఇలా గుంపుగా దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది.

గాలుల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. వెస్ట్‌వింట్ అంటే పడమటి గాలి. అట్లాంటిక్ మీది తేమ మోసుకొచ్చి జర్మనీలో వానలు కురిపిస్తుంది. చలికాలంలో ఒస్ట్‌వింట్, అంటే తూర్పు గాలి, రష్యా వైపు నుంచి పొడి చలి తెస్తుంది. మనకేమో సముద్రం తూర్పున ఉంది. మే నెలలో పడమటి గాలి తగిలితే ఒళ్లు మండిపోతుంది.

"అమ్మా, ఇప్పుడు గాలి ఎటునించి?" అన్నాను. చీర అంచు ఎటు లేస్తోందో చూసి, "పడమరే. ఇలాగే ఉంటే రెండెండల్లో గలగలలాడతాయి. తూరుపు తిరిగితే మెత్తబడిపోతాయే, కిందకి దించేయాలి" అంది. పుస్తకంలో ఈ పదాల పక్కన ఒక మ్యాప్ వేసి ఉండాల్సింది. సముద్రం ఎటుందో చూపిస్తే గాలి స్వభావం కూడా పేరుతోపాటే వచ్చేస్తుంది.

తర్వాతి పేజీలో గాలి బలం పట్టిక. బ్రీజె, ష్టుర్మ్, చివర 12వ మెట్టు ఒర్కాన్. గంటకు 118 కిలోమీటర్లకు చేరిన గాలికి ఆ పేరు. పట్టిక అక్కడితో అయిపోయింది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి 200 కూడా దాటింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నాన్న తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టి దాని మీదే కూర్చున్నారు. గాలి తోసినప్పుడల్లా బస్తాతో సహా నాన్న కదిలేవారు. ఒర్కాన్ అన్న మాట నేనిక మళ్లీ చదవక్కర్లేదు.

జర్మనీ హాస్పిటల్లో నర్సుగా చేరితే పేషెంట్లతో ముందు మాట్లాడేది వాతావరణం గురించేనట. మంచం మీదున్న పెద్దాయన "బయట ఎలా ఉంది?" అంటే తడుముకోకుండా చెప్పాలని నా కోరిక. రాత్రికి జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్లు నెమ్మదిగా చదివే వార్తలు వినాలి. ముందు వడియాలు తిరగేయాలి, అమ్మ పిలుస్తోంది.