పిన్ని పచ్చళ్ళ న్యూస్‌లెటర్, నేను చేసిన పెంట

తణుకులో మా పిన్ని పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, ఎక్కువగా అమెరికా పార్సిళ్ళే. వాట్సాప్‌లో పెడితే మనకి పగలు, వాళ్ళకి అర్ధరాత్రి, పొద్దున లేచేసరికి గుడ్ మార్నింగుల కింద మన మెసేజ్ ఎక్కడో పడిపోద్ది, అందుకే మెయిల్ పంపుదాం పిన్నీ అని నోరుజారాను. ఇంకేముంది, ఆ పని నా నెత్తినే పడింది.

మొదటిసారి కాన్వా అనే డిజైన్ యాప్‌లో పోస్టర్ చేసి మొత్తం ఒకే బొమ్మగా పంపేశా. ఎర్ర బ్యాక్‌గ్రౌండు, బంగారు అక్షరాలు, పెళ్ళి శుభలేఖ కూడా అంత గ్రాండ్‌గా ఉండదు. ఆఫీసు అవుట్‌లుక్‌లో తెరిచినోళ్ళకి బొమ్మ లోడ్ అవక ఖాళీ డబ్బా, ఫోన్లో చూసినోళ్ళకి చీమల్లా రేట్లు. బొమ్మ రాకపోతే దాని బదులు కనపడే ఆల్ట్ టెక్స్ట్ కూడా పెట్టలేదు నేను.

సరే బొమ్మలొద్దని రెండోసారి వర్డ్‌లో టైప్ చేసి కాపీ పేస్ట్ కొట్టా. ఇది ఇంకా ఘోరం. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కోసేస్తుంది, బొమ్మలు లెక్కలోకి రావు గానీ మెయిల్ వెనకాల ఉండే హెచ్‌టీఎంఎల్ కోడ్ అంతా వస్తుంది, వర్డ్ నుంచి తెచ్చుకున్న చెత్త కోడ్ అంతా అందులోనే. పైగా మన తెలుగు బరువెక్కువ, 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు! ఇక మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళ కోసం అట్టడుగున పెట్టిన అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఆ కోతలో పోయింది, అది కనపడనోడు ఏం చేస్తాడు, స్పామ్ నొక్కుతాడు. స్పామ్ కంప్లైంట్లు 0.3 శాతం లోపే ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూలు, మాది మూడొందల మంది లిస్టు, ఒక్కడు నొక్కినా గీత దాటినట్టే. మెయిల్ నిజంగా మా దగ్గర్నుంచే వచ్చిందని చూపించే ఎస్పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు కూడా అప్పుడే కూర్చుని సరిచేశా, అదో పూట పట్టింది, వదిలేయండి.

ఇప్పుడైతే ఒకటే కాలమ్, 600 పిక్సెళ్ళ వెడల్పు, ఒక ఫొటో, ఒక బటన్. అన్‌సబ్‌స్క్రైబ్ పైనే పెట్టా, పోయేవాళ్ళు మర్యాదగా పోతారు. ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కన కనపడే ముక్క కూడా నేనే రాస్తున్నా, లేకపోతే అక్కడ "మెయిల్ సరిగ్గా కనపడట్లేదా, ఇక్కడ నొక్కండి" అని వచ్చేది, దరిద్రంగా.

ఎంతమంది తెరిచారో ఆ నంబర్ చూసి పిన్ని మురిసిపోద్ది గానీ నేను నమ్మను. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పట్నుంచి ఆపిల్ మెయిల్ యాప్, మనిషి చూసినా చూడకపోయినా బొమ్మల్ని ముందే లాగేసుకుంటుంది, బొమ్మ లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టే లెక్క కాబట్టి మనకేమో తెరిచినట్టు పడుతుంది. క్లిక్కులూ రిప్లైలే చూస్తా నేను.

అసలు డిజైన్ కన్నా పనిచేసింది వేరే ఉంది. మొన్న వేసవిలో "ఆవకాయ ఆఫర్!!!" అని ఏదో రాస్తుంటే పిన్ని ఫోన్ చేసి "ఒరేయ్ ఇప్పుడే పంపకు, కాయకింకా టెంక పట్టలేదు, ఇప్పుడు పెడితే ముక్క మెత్తబడిపోద్ది, పది రోజులు ఆగమను" అంది. నా రాతంతా కొట్టేసి ఆ మాటలే పెట్టా, సబ్జెక్ట్ "కాయకింకా టెంక పట్టలేదు". కింద పిన్ని పేరు, అంతే.

రిప్లైలు ఒకటే రావడం. ఒకావిడ "మా అత్తగారు కూడా ఇదే అనేవారండీ, పది రోజులు కాదు నెలైనా ఆగుతాం, రెండు కిలోలు రాసుకోండి" అని పెట్టారు. అది చదివి వినిపిస్తే పిన్ని నోట్‌బుక్‌లో రాసుకుంటూ అడిగింది, "అవున్రా, మరి ఆ మెయిల్లో ఆర్డర్ బటన్ ఏదీ?" అని.

పెట్టడం మర్చిపోయా.