మా ఆకుపచ్చ జీటీఓ

మే నెల, గురువారం రాత్రి.

ఈ ఊళ్లో నా వయసు వాళ్లు మజిల్ కార్ల గురించి, అంటే మధ్యరకం కారులో పెద్ద ఇంజన్ పెట్టి చేసిన ఆ కాలపు అమెరికా బండ్ల గురించి మాట్లాడుకుంటే ఆ మాట 1964లో మొదలై 1970 దగ్గర ఆగిపోతుంది. వాళ్ల పదహారో ఏటి సంగతులన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి ఆ తరువాత ఏం జరిగిందన్నది వాళ్లకు పట్టదు. నా జ్ఞాపకం మాత్రం వాళ్లది ముగిసిన చోట మొదలవుతుంది. కాకినాడలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ కోసం నేను 1972లో డెట్రాయిట్‌లో దిగేనాటికి ఆ సంబరం అయిపోయింది. ఇన్సూరెన్సు కంపెనీలు ఆ కార్ల మీద ప్రీమియం పెంచేశాయి, 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం అమలులోకి వస్తోంది, 1971 మోడళ్ల నుంచే జనరల్ మోటార్స్ తన ఇంజన్ల కంప్రెషన్ (మండే ముందు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే మోతాదు, అది తగ్గితే బలమూ తగ్గుతుంది) తగ్గించేసింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి, గాలనుకు పది పన్నెండు మైళ్లు ఇచ్చే బండిని ఇంటి ముందు ఉంచుకోవడమే దండగ అనుకునే పరిస్థితి వచ్చింది. అంత పెద్ద ఇంజన్ ఉన్న కారు నావంటి వాడికి దక్కిందంటే కారణం ఇదే. ఎవరికీ అక్కరలేని రోజుల్లో అది నా చేతికి వచ్చింది.

ఇవాళ ఇదంతా రాయాలనిపించడానికి కారణం ఉంది. మా ఆవిడను కంటి పరీక్షకు తీసుకువెళ్లాను. లోపల చుక్కలు వేసి కూర్చోబెట్టారు, గంటకు పైగా పడుతుందన్నారు. కాళ్లు పట్టేశాయని పార్కింగ్‌లోకి వస్తే, చివరి వరుసలో 1968 పాంటియాక్ జీటీఓ ఒకటి నిలబడి ఉంది. రంగు కూడా మాదే, వెర్డోరో గ్రీన్. నీడలో నలుపులా, ఎండ పడ్డ చోట మామిడాకులా కనిపించే ఆ ఆకుపచ్చను నేను మరే కారు మీదా చూడలేదు.

ముందు వైపు నుంచి చూడవలసిన కారు అది. ఆ కాలపు కార్లలో చాలావాటికి క్రోమ్ బంపరు వేరుగా బిగించి ఉంటే, 1968 జీటీఓకు ముక్కు మొత్తం ఒక రకం సాగే ప్లాస్టిక్‌తో చేసి, ఒంటి రంగే దానికీ వేశారు. చిన్న దెబ్బ తగిలితే నొక్కుకుపోయి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. బానెట్ మీద, అద్దానికి అవతల, డ్రైవరు చూపుకు ఎదురుగా ఇంజన్ చుట్ల మీటరు ఉంటుంది. మా కారుకూ అది ఉండేది. చలికాలం పొద్దున ఆ మీటరు అద్దం లోపల ఆవిరి పట్టి, ముల్లు కనిపించేది కాదు. మంచు పడితే ముందు దాన్ని చేత్తో తుడిచి, ఆ తరువాతే ముందద్దం గీకేవాణ్ణి.

చూస్తూ నిలబడి ఉండగా కారు ఓనరు వచ్చాడు. నాకంటే చిన్నవాడే, అరవై దాటి ఉండవచ్చు. మాకూ ఒకప్పుడు ఇదే ఉండేదని చెప్పగానే, అడగకుండానే బానెట్ ఎత్తాడు. నాలుగు వందల ఘనపు అంగుళాల ఇంజన్, మన లెక్కలో 6.6 లీటర్లు. మా ఊళ్లో జమీందారు గారి అంబాసిడరుది లీటరున్నర. ఆ అంబాసిడరులో ఒక్కసారి ఎక్కితే స్కూల్లో వారం రోజులు చెప్పుకున్న పిల్లలం మేము. కాగితం మీద దీని బలం 350 హార్స్‌పవర్. ఆ రోజుల్లో ఇంజన్‌ను ఫ్యాను, సైలెన్సరు వంటివేవీ తగిలించకుండా విడిగా బల్ల మీద పెట్టి కొలిచేవారు కాబట్టి ఆ అంకెను ఇప్పటి అంకెలతో పోల్చకూడదు. 1972 నుంచి కొలత పద్ధతి మారింది. అప్పటికే కంప్రెషన్ తగ్గి ఉండడం వల్ల, కొత్త కొలతలో అంకెలు ఇంకా పడిపోయాయి, జనం ఉన్నదానికంటే ఎక్కువ నిరుత్సాహపడ్డారు.

ఈ కారు పుట్టుకే నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చట వేస్తుంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో అప్పటి చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయనతో పాటు బిల్ కాలిన్స్, రస్ గీ కలిసి, 389 ఇంజన్‌ను కొత్త మోడల్‌గా కాకుండా టెంపెస్ట్ కారుకు కొనుగోలుదారు కోరితే ఇచ్చే అదనపు హంగుగా పెట్టారు. అదనపు హంగులకు పైవాళ్ల అనుమతి అక్కరలేదు. అలా వచ్చిన 1964 జీటీఓ మొదటి ఏడాదిలోనే 32 వేలకు పైగా అమ్ముడుపోయింది. తరువాత ప్రతి కంపెనీ అదే దారి పట్టింది. ఇంజనీర్లు తమకు నడపాలనిపించిన కారు తయారుచేసుకుని, దాన్ని అమ్మే ఉపాయం కూడా తామే చూసుకున్నారు. నా ఉద్యోగ జీవితమంతా కమిటీల మధ్య గడిచింది కాబట్టి ఆ ముగ్గురి మీద నా గౌరవం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందే గాని తగ్గలేదు.

నేను 1974 వేసవిలో కొన్నాను. అరబ్ దేశాల చమురు ఆంక్షలు మార్చిలోనే ఎత్తేశారు గాని, పెట్రోలు ధర మాత్రం దిగలేదు. దేశమంతటా గంటకు 55 మైళ్ల పరిమితి వచ్చింది. ఆ కాలపు జీటీఓకు కూడా అదే చివరి ఏడాది అయింది, ఆ పేరు మళ్లీ 2004లో గాని రాలేదు. వేరే చిన్న కారు మీద 350 ఇంజన్ పెట్టి ఆ పేరు తగిలించారు గాని, అది కూడా నిలబడలేదు. కొత్తలో మూడు వేల డాలర్లు దాటిన బండిని నాకు ఏడు వందలకు ఇచ్చిన ఆయన, తాళంచెవి చేతిలో పెడుతూ నా వైపు జాలిగా చూశాడు. నాలుగు గేర్ల మన్సీ గేరుబాక్సు, హర్స్ట్ గేరు కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. వేగం మీద గట్టిగా రెండుసార్లు బ్రేకు వేస్తే, మూడోసారికి ఆ డ్రమ్ములు కాలిపోయి పట్టు సడలేది. ముందు చక్రాలకైనా డిస్కులు ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

నా ఉద్యోగం పొగను శుభ్రం చేసే పరికరాల మీద. 1975 మోడళ్లకు కెటలిటిక్ కన్వర్టరు పెట్టాలి. పెట్రోలులో కలిపే సీసం ఆ కన్వర్టరును పాడుచేస్తుంది గనుక సీసం లేని పెట్రోలు రావాలి. పగలంతా ఆ పనిలో ఉండి, సాయంత్రం సీసం కలిసిన ప్రీమియం పెట్రోలు తాగే కారులో ఇంటికి వెళ్లేవాణ్ణి. మేము చేసిన పని సరైనదని నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. పిల్లల రక్తంలో సీసం చేరడం కంటే ఏ ఇంజన్ శబ్దమూ గొప్పది కాదు. కాని ఒక వస్తువు పోవలసిందేనని తెలిసి ఉండడం వేరు, అది ఉన్నన్నాళ్లు దాన్ని ప్రేమించడం వేరు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని మా ల్యాబు పార్కింగ్‌కు వచ్చి చూసినవాళ్లకు తెలుసు. అక్కడ ఒక డాడ్జ్ చార్జరు, రెండు షెవర్లే షెవెల్ కార్లు, నా జీటీఓ పక్కపక్కనే నిలబడి ఉండేవి.

ఇవాళ ఆ ఓనరు ఇంజన్ స్టార్టు చేశాడు. ఆ చప్పుడు ఒకే లయలో ఎందుకు ఉండదో అప్పట్లో ల్యాబులో కాగితం మీద గీసి చూసుకున్నాను. ఎనిమిది సిలిండర్లూ కలిపి చూస్తే ప్రతి 90 డిగ్రీలకు ఒకటి చొప్పున సమంగానే మండుతాయి. కాని ఒక్కో పక్కన ఉన్న నాలుగింటినే వింటే, మధ్య ఎడం 270, 180, 90, 180 డిగ్రీలు. ఒక్కో పక్క పొగ ఒక్కో గొట్టంలోంచి వెళ్లేసరికి, రెండు గొట్టాల్లోనూ లయ తప్పిన దెబ్బలు వినిపిస్తాయి. నింపాదిగా నిలబడి ఉన్నప్పుడు కారు మొత్తం కొద్దిగా కుడి ఎడమలకు ఊగుతుంది. అరచెయ్యి ఫెండరు మీద ఆనిస్తే ఆ ఊపు మోచేతి దాకా తెలుస్తుంది.

ఒక చిక్కుందని ఓనరు చెప్పాడు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఒక్క క్షణం కారు ఆగిపోయినంత పని చేసి, ఆ తరువాత దూకుతోందట. ఇద్దరు మెకానిక్‌లకు చూపించాడట, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటరును మార్చమన్నారట. మార్చనక్కరలేదని చెప్పాను. దీనికి ఉన్నది క్వాడ్రాజెట్ అనే నాలుగు నోళ్ల కార్బురేటరు. ముందు రెండు నోళ్లు చిన్నవి, వెనక రెండు బాగా పెద్దవి. మామూలుగా నడిపేటప్పుడు చిన్నవే పనిచేస్తాయి. కాలు చివరి దాకా వెళితేనే వెనకవి తెరుచుకుంటాయి. ఆ వెనక నోళ్ల మీద మూతలాంటి రేకు ఒకటి ఉంటుంది, గాలి ఒత్తిడికి అది నెమ్మదిగా తెరుచుకునేలా ఒక సన్నటి స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఏళ్ల మీద ఆ స్ప్రింగు వదులైతే మూత ఒక్కసారిగా తెరుచుకుని, పెట్రోలు అందకముందే గాలి లోపలికి వెళ్లిపోతుంది. ఇంజన్ ఆపించి, గాలి ఫిల్టరు డబ్బా తీయించి, వేలితో ఆ రేకు నొక్కి చూపించాను. అడ్డే లేకుండా పడిపోయింది. అతని డిక్కీలో పనిముట్ల సంచీ ఉంది. చిన్న అలెన్ తాళంతో పక్క మర వదులు చేసి, స్క్రూడ్రైవరుతో స్ప్రింగును అర చుట్టుకు మించి బిగించాను. ఆ పనికి కంప్యూటరు తగిలించక్కరలేదు. తప్పు ఎక్కడ ఉందో కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది.

అతను తాళాలు నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. క్లచ్ నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. వుడ్‌వర్డ్ అవెన్యూ మీదికి ఎక్కి, ముందు దారి ఖాళీగా ఉన్నప్పుడు రెండో గేరులో కాలు కిందికి దించాను. వెనక నోళ్లు తెరుచుకునేటప్పుడు వచ్చే ఆ మూలుగు, ముక్కు కొంచెం పైకి లేవడం, వీపు సీటుకు అతుక్కోవడం, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఆగడం లేదు. ఇప్పుడు నేను నడిపే ఎలక్ట్రిక్ కారు దీనికంటే త్వరగా గంటకు అరవై మైళ్లు అందుకుంటుంది, అది లెక్కల్లో నిజం. కాని దానిలో వేగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దీనిలో ప్రతి అడుగూ వినిపిస్తుంది.

ఇదే రోడ్డు మీద ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి. నేను తప్పకుండా వెళతాను. అక్కడ కొన్ని కార్లను ట్రక్కుల మీద తెచ్చి, దింపి, మళ్లీ ట్రక్కుల మీదే తీసుకువెళ్లడం నాకు నచ్చదు. ఇవాళ మంచి 1968 జీటీఓ ఒకటి కొనే డబ్బుతో కొత్త కారు వస్తుంది కాబట్టి వాళ్ల భయం అర్థం అవుతుంది. మేమైతే మా కారును వానలో, మంచులో, బియ్యం బస్తా వేసుకుని తిప్పాం. డెట్రాయిట్ నగరం అడుగున ఉప్పు గని ఉంది, చలికాలం ఈ రోడ్ల మీద ఉప్పుకు కొదవ ఉండదు. మా డిక్కీ అడుగు రేకు, వెనక అద్దం కింది అంచు తుప్పుతో జల్లెడ అయ్యాయి. 1979లో ఇరాన్ గొడవలతో పెట్రోలు మళ్లీ పెరిగింది, రెండు తలుపుల కారులో చంటిపిల్లను వెనక సీట్లోకి ఎక్కించడం కష్టమైంది, అమ్మేశాం. కొన్నవాడు ఇంజన్ కోసమే కొన్నాడు.

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ బయట బల్ల మీద కూర్చుని ఉంది. చుక్కల వల్ల కళ్లకు ఏమీ ఆనడం లేదు, నల్ల కళ్లద్దాలు ఇచ్చారు. నేను దిగి దగ్గరికి వెళ్లేలోపే, "ఏవండీ, మన జీటీఓ చప్పుడులా ఉందే" అంది.

ఇంటికి వచ్చే దారంతా ఆ కారు మాటలే. తను 1976లో వచ్చింది, డ్రైవింగ్ నేర్చుకున్నది దానిలోనే. ఆదివారాలు మాల్ పార్కింగ్ ఖాళీగా ఉండేది. క్లచ్ అందక వీపు వెనక దిండు పెట్టుకునేది. ఇప్పుడు చెప్పింది, ఇన్నేళ్లూ నాకు చెప్పనిది. 1978 ప్రాంతంలో ఒక సాయంత్రం ఒంటరిగా వస్తుంటే, వుడ్‌వర్డ్ మీద ఎర్ర దీపం దగ్గర పక్కన ఆగిన కుర్రవాడెవరో చీరలో ఉన్న తనను చూసి నవ్వి, ఇంజన్‌ను గట్టిగా రెండుసార్లు అరిపించాడట. పచ్చ దీపం పడగానే మీటరు ముల్లు అయిదు వేలు దాటే దాకా ఆగి రెండో గేరు వేశానంది. అద్దంలో చూస్తే అతను బాగా వెనక ఉన్నాడట.

మూడో గేరు ఎప్పుడు వేశావని అడిగాను. అవసరం రాలేదంది.