ఫిఫా కథ బ్లాటర్‌తో మొదలు కాలేదు

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా మాట ఎత్తితే చాలు, మా విజయనగరంలో రాత్రుళ్లు మేలుకుని మ్యాచ్‌లు చూసే కుర్రాళ్లు కూడా "అందరూ దొంగలే" అని దాని మాజీ అధ్యక్షుడు బ్లాటర్ పేరు చెప్పి ఊరుకుంటారు. 2015లో జ్యూరిక్ హోటల్లో తెల్లారేసరికి లంచాల కేసులో ఫిఫా పెద్దల అరెస్టులు, తర్వాత బ్లాటర్ మీద నిషేధం, అంతా నిజమే. కానీ అంతకు చాలా ముందే ఫిఫా అధ్యక్షుడిగా ఇంగ్లండ్ మనిషి స్టాన్లీ రౌస్ ఉన్నారు.

రౌస్ పాత రిఫరీ. 1938లో ఆట నియమాలన్నీ కూర్చుని తిరగరాసింది ఆయనే. డబ్బు దగ్గర ఎవరూ వేలెత్తి చూపలేదు. అలాంటి పెద్దమనిషి అధ్యక్షుడిగా ఉండగా 1966 ప్రపంచ కప్‌లో ఆఫ్రికాకంటూ ఒక్క చోటు కూడా లేదు, అక్కడ గెలిచిన జట్టు మళ్లీ ఆసియా వైపు విజేతతో ఆడి నెగ్గాలట! ఆఫ్రికా దేశాలు కట్టకట్టుకుని తప్పుకున్నాయి. వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాకైతే 1963లో స్వయంగా వెళ్లి చూసొచ్చి మరీ ఫిఫా పెట్టిన సస్పెన్షన్ ఎత్తేయించారు, ఆటలోకి రాజకీయాలు తేకూడదన్నది ఆయన వాదన. నాకు దీని మీద ఉన్నంత కోపం లంచాల మీద కూడా లేదు.

ఆఫ్రికా దేశాలకున్న ఇలాంటి కోపాన్నే బ్రెజిల్ మనిషి జోవో హావెలాంజ్ ఓట్లుగా మార్చుకున్నారు. (1936లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ ఇంగ్లండ్‌లో ఇండియా క్రికెట్ జట్టుకు కెప్టెన్సీ చేస్తున్న వేసవిలోనే ఈయన బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈత కొట్టారు. విజ్జీకి ఆ కెప్టెన్సీ పలుకుబడితోనే వచ్చిందంటారు, కాబట్టి ఆటల్లో పలుకుబడి ఏం చేయగలదో మన ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు.) హావెలాంజ్ దేశదేశాలూ తిరిగి, మీ జట్లకు చోటిస్తానని మాటిచ్చి, 1974లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 68-52తో రౌస్‌ను ఓడించారు. మాట నిలబెట్టుకున్నారు కూడా: 16 జట్ల కప్పు 1982కి 24, 1998కి 32 అయింది. ఆ 1982లోనే అల్జీరియా పశ్చిమ జర్మనీని 2-1తో కొట్టింది, కామెరూన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంటికెళ్లింది. అంతకు ముందు ఆఫ్రికాకు ఉన్నది ఒకే ఒక్క సీటు!

హావెలాంజ్ ముడుపులు తీసుకున్న సంగతి 2012లో స్విస్ కోర్టు కాగితాలతో బయటపడింది, మరుసటి ఏడాది గౌరవాధ్యక్ష పదవి వదులుకున్నారు. దాన్ని నేను సమర్థించను. అయినా 1974లో ఆ హాల్లో ఏ ఘనా తరఫునో కూర్చుని ఉంటే మాత్రం, నా ఓటు హావెలాంజ్‌కే వేసేవాణ్ణి.