మూడడుగుల అలమారాలో నెల సరుకులు

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల పాత వీధుల్లో అద్దెకు దొరికే వాటాలలో సామాన్లకంటూ వేరే గది ఉండడం అరుదు. గోడలోకి కట్టిన ఒక అలమారా, పైన అటక, వంటగట్టు కింద కాస్త చోటు మాత్రమే ఉంటాయి. మా అలమారా వెడల్పు మూడడుగులు, లోతు అడుగున్నర. ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడే సరుకులూ, ఏడాదికి పెట్టుకునే ఊరగాయలూ అందులోనే ఇమడాలి. చోటు చాలడం లేదని బాధపడే ఇళ్ళలో నేను గమనించినంతవరకు, సరుకులను మింగేసేది అర లోతు. వృథాగా పోయేది అరకూ అరకూ మధ్య ఉన్న ఎత్తు. ఈ రెండింటినీ చక్కబెడితే అదే అలమారాలో ఎంతో చోటు మిగులుతుంది.

లోతైన అరలో రెండు వరుసల డబ్బాలు పెడితే వెనక వరుస కంటికి ఆనదు. శనగపప్పు ఉన్న సంగతి తెలియక మరో కిలో కొంటాము, ఈలోగా పాతది పురుగు పడుతుంది. అందుకని ప్రతి అరలోనూ వెనక భాగాన నాలుగంగుళాల ఎత్తున చెక్క మెట్టు ఒకటి వేయించాను. దీనికి కొత్త కలప అక్కరలేదు, వడ్రంగి దగ్గర మిగిలిపోయిన పలక సరిపోతుంది. వెనక డబ్బాల మీద రాసిన పేర్లు ముందు వరుస మీదుగా కనిపిస్తాయి, మెట్టు కింది ఖాళీలో అప్పడాల కట్టలూ విడి ప్యాకెట్లూ పడుకోబెట్టుకోవచ్చు.

డబ్బాల ఆకారం కూడా ముఖ్యమే. గుండ్రని డబ్బా తాను ఆక్రమించే చదరంలో సుమారు 78 శాతమే నింపుతుంది, మిగిలిన ఐదో వంతుకు పైగా చోటు మూలల్లో పోతుంది. కాబట్టి రోజూ తీసే పప్పులకు చదరపు డబ్బాలు మేలు. అయితే పుట్టింటి నుంచి వచ్చిన స్టీలు డబ్బాలను పారేయనక్కరలేదు, అవి అటక మీద చక్కగా పనికొస్తాయి. కొత్త డబ్బాలు కొనే ముందు ఒక లెక్క చూసుకోవాలి: కిలో బియ్యానికి సుమారు ఒకటింపావు లీటరు పట్టే డబ్బా కావాలి, అదే బరువున్న అటుకులకూ మరమరాలకూ అంతకంటే చాలా పెద్దది కావాలి. చిన్న ఇంట్లో బియ్యం, కందిపప్పు వంటి బరువైనవి నెలకు ఒకేసారి తెచ్చుకుని, అటుకులు, సేమ్యా వంటి తేలికైనవి వారానికి సరిపడా తెచ్చుకోవడమే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం.

నడుము నుంచి కంటి ఎత్తు వరకు ఉన్న అరలు పోపు సామాన్లకు, పప్పులకు, ప్రతిరోజూ చేయి వెళ్ళే వాటికి ఇవ్వాలి. కారం మాత్రం పొయ్యి పక్కన పెట్టకూడదు, వేడికీ వెలుతురుకీ దాని రంగు తగ్గుతుంది. ఆవకాయ, మాగాయ, బెల్లం ఆవకాయ జాడీలను అన్నిటికంటే కింది అరలో, ఒక పళ్ళెంలో నిలబెట్టాలి. జాడీ బరువు పై అరలకు మంచిది కాదు, కారిన నూనె పళ్ళెంలోనే ఆగుతుంది. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో ఉంటే త్వరగా పాడవుతాయి కనుక వాటికి వేర్వేరు బుట్టలుండాలి.

మన జిల్లాల్లో సముద్రపు గాలి వల్ల వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, బెల్లం కరుగుతుంది, పిండి ఉండ కడుతుంది. చోళ్ళు (రాగులు) గింజలుగా చాలాకాలం నిలుస్తాయి కాని, చోడిపిండి అంతగా నిలవదు. అందుచేత చోళ్ళనూ గంటెలనూ (సజ్జలనూ) గింజలుగానే ఉంచి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే మర పట్టించుకుంటే పురుగు బెడదా తగ్గుతుంది, పిండి డబ్బా పరిమాణమూ తగ్గుతుంది. ఉప్మా రవ్వను దోరగా వేయించి, పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాలో పోయాలి. ఉప్పుకూ చింతపండుకూ స్టీలు డబ్బా తగదు, గాజు సీసా గాని జాడీ గాని ఉండాలి. బయటి గోడకు ఆనుకున్న అలమారాలో వెనక రెండంగుళాలు ఖాళీ వదిలితే గోడ చెమ్మ డబ్బాలకు అంటదు.

అక్టోబరు నెలకు నేను ప్రత్యేకంగా ఒక అర ఖాళీ చేసి పెడతాను. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకు చుట్టాలు వస్తారు. తుఫానుల కాలమూ అదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి ఉద్దానం ప్రాంతపు గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. కరెంటు లేనప్పుడు ఫ్రిజ్జూ మిక్సీ రెండూ పనిచేయవు. కనుక ఆ అరలో అటుకులు, వేయించిన రవ్వ, పెసరపప్పు, కందిపొడి, నువ్వుపొడి, బెల్లం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ఉంచుతాను. చుట్టాలు వచ్చినా, గాలివాన వచ్చినా ఆ సరుకులే అక్కరకొస్తాయి. నవంబరు చివర అందులో మిగిలినవాటిని రోజువారీ డబ్బాల్లోకి మార్చి, డిసెంబరు జాబితాలో ఆ మేరకు తగ్గించి రాస్తాను.