పైపు తీసేశాక

ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు. ఎన్ని గంటలు పట్టింది, ఎంతయింది, రోబోతో చేశారటగా అని. ఇంటికొచ్చాక ఎలా ఉంటున్నావని ఎవరూ అడగరు. ఆ మనిషీ చెప్పడు. ప్రోస్టేట్ క్యాన్సర్ అయితే అసలే చెప్పడు. నేను రాయాలనుకున్నది ఆ భాగమే.

నేను హైదరాబాద్‌లో ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉసిరికాయంత గ్రంథి ఒకటుంటుందని బోర్డు మీద బొమ్మ వేసి ఎంతమంది పిల్లలకి చెప్పానో. నా ఒంట్లో దానికి జబ్బు చేసిందని మాత్రం నాకు ఏ సూచనా లేదు. షుగర్ పరీక్షకి వెళ్తుంటే మా అబ్బాయి పట్టుబట్టి పీఎస్ఏ కూడా రాయించాడు, అది ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష. 11 వచ్చింది. మామూలుగా 4 దాటితే డాక్టర్లు ఆగి చూస్తారు. దాటినంత మాత్రాన క్యాన్సరే అని కాదు, వయసుతో గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ పెరుగుతుంది. అందుకే మళ్ళీ రక్తం తీశారు, ఎమ్మారై తీశారు, చివరికి గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే బయాప్సీ చేశారు.

రిపోర్టులో క్యాన్సర్ ఉధృతాన్ని చెప్పే గ్లీసన్ స్కోరు 4+3 అని ఉంది. మొదటి అంకె ఎక్కువగా కనబడిన క్యాన్సర్ కణాల తీరుకి, రెండోది దాని తర్వాతి దానికి. 3+4 అయినా మొత్తం ఏడే, కానీ 4 ముందుంటే ఉధృతం ఒక మెట్టు ఎక్కువన్నమాట. ఈ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో వెతికే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో ఎముకలకి పాకలేదని తేలింది. గ్రంథిని తీసేసే ఆపరేషనా, లేక హార్మోన్ ఇంజెక్షన్లతో కలిపి రేడియేషనా అన్నది మమ్మల్నే తేల్చుకోమన్నారు. నాతో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జే. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ తీసుకుని నిక్షేపంగా ఉన్నారు. ఆయనతో గంటసేపు మాట్లాడాను. అన్నీ ఆలోచించుకుని నేను ఆపరేషన్ వైపు మొగ్గాను.

ఆసుపత్రి రోజులు తొందరగానే గడిచాయి. ఆపరేషన్ చేస్తున్నంతసేపూ తల వైపు కిందకి వంచి పడుకోబెడతారట, మొహమంతా వాచిపోయి మా ఆవిడ నన్ను చూసి హడలిపోయింది. పొట్టలోకి గ్యాస్ నింపుతారు కాబట్టి పొట్ట కంటే భుజాలు ఎక్కువ నొప్పి పెట్టాయి. మర్నాడే సిస్టర్ లేపి నిలబెట్టి, "నడవండి అంకుల్, కాళ్ళలో రక్తం గడ్డ కట్టకూడదు" అని కారిడార్‌లో తిప్పింది.

మూత్రం పోయే పైపుతోనే ఇంటికి పంపారు. మూత్రాశయాన్నీ మూత్రనాళాన్నీ కలిపి కుట్టిన చోటు మానాలి కాబట్టి ఒకటి నుంచి రెండు వారాలు ఉంచుతారు. తొడకి ప్లాస్టర్ వేసి అంటించిన గొట్టం, దాని చివర సంచీ. ఆ సంచీ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది. లుంగీ తప్ప ఇంకేదీ కట్టుకోలేం. మంచం పట్టీకి సంచీ తగిలించి, రాత్రి పక్క మీద ఒత్తిగిలాలంటే ముందు గొట్టం ఎటుందో చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి. విరేచనానికి ముక్కితే సంచీలో ఎరుపు కనబడేది. అది మామూలేనని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి. ఈ రెండూ మందులతో సమానం.

పైపు తీసేసిన రోజు అందరూ సంబరపడ్డారు. అసలు కష్టం మొదలైంది ఆ రోజే.

మూత్రాన్ని ఆపడానికి రెండు చోట్ల కండరాల ఏర్పాటు ఉంటుంది. గ్రంథిని తీసేటప్పుడు పైది దెబ్బతింటుంది, ఆ తర్వాత భారమంతా కింది దాని మీదే పడుతుంది. కుర్చీలోంచి లేస్తే కారిపోయేది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా అంతే. పడుకుంటే ఫరవాలేదు, సాయంత్రమయ్యేసరికి మాత్రం కండరం అలిసిపోయి మరీ ఎక్కువయ్యేది. ఆటోలో స్పీడ్ బ్రేకర్ వస్తే గుండె ఝల్లుమనేది. అరవై దాటిన మనిషిని, వందలమంది పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టిన మనిషిని, మెడికల్ షాపులో డైపర్ ప్యాకెట్ అడగడానికి గొంతు పెగిలేది కాదు. షాపతను దాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చేవాడు.

డిశ్చార్జి కాగితంలో దీని గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ ఇంగ్లీషులో. ఆ కాగితం తెలుగులో, ఒక పేజీ అయినా వివరంగా ఇవ్వాలి. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను. వారాల తరబడి మనిషి బతికేది ఆ వాక్యంలోనే.

నాకు దారి చూపింది ఫిజియోథెరపీ అమ్మాయి. కెగెల్ వ్యాయామం. "అంకుల్, గ్యాస్ ఆపుకుంటున్నట్టు లోపలికి లాగండి. పొట్ట బిగించొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. పది లెక్కపెట్టి వదలండి, మళ్ళీ అంతసేపు రెస్ట్ ఇవ్వండి" అని పక్కన కూర్చుని నేర్పింది. పైపు ఉండగా చేయకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయకూడదు. లేచే ముందు, దగ్గే ముందు ముందుగా బిగించాలి. అది అలవాటైతే సగం సమస్య తీరినట్టే. ఆపరేషన్‌కి ముందే ఈ వ్యాయామం మొదలుపెడితే ఇంకా మేలు. కాఫీ, చాయ్ బాగా తగ్గించాను, అవి మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి. నీళ్ళు మాత్రం తగ్గించకూడదు, కారుతుందని నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది.

బంధువులకి మా ఆవిడ "ప్రోస్టేట్ వాపుకి ఆపరేషన్" అని చెప్పింది. ఆమెను తప్పు పట్టను. క్యాన్సర్ అనగానే ఇంటికొచ్చి ఏడ్చేవాళ్ళు ఉంటారు, గోధుమగడ్డి రసం తాగమనేవాళ్ళు ఉంటారు. కానీ బాగ్‌లింగంపల్లిలో మేం నడిచే సుందరయ్య పార్కులో బెంచీ మీద ఓ పొద్దున, ఎందుకు సార్ ఇంత నెమ్మదిగా నడుస్తున్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. క్యాన్సర్ అని, ప్యాడ్ పెట్టుకున్నానని కూడా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నాతో పాటు గేటు దాకా వచ్చి, "మాస్టారూ, నాకు రెండేళ్ళ కింద ఇదే ఆపరేషన్. ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఏడో నెలకి ప్యాడ్ మానేశాను, మీకూ తగ్గుతుంది" అన్నారు. డాక్టరు అదే మాట చెప్పినప్పుడు కలగని ధైర్యం ఆయన చెబితే కలిగింది.

ఇంకో సంగతి. ఇది రాయకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు. ఆ గ్రంథిని ఆనుకునే అంగస్తంభనకి సంబంధించిన నరాలు ఉంటాయి. వీలైతే వాటిని కాపాడతారు. కాపాడినా కోలుకోవడానికి ఏడాది, రెండేళ్ళు పట్టవచ్చు, పూర్తిగా మునుపటిలా రాకపోవచ్చు కూడా. మందులున్నాయి, వేరే మార్గాలూ ఉన్నాయి. నేను మూడుసార్లు నోరు తెరిచి ఊరుకుంటే, మా ఆవిడే "ఈయన అడగలేకపోతున్నారండీ, మీరే చెప్పండి" అని డాక్టరుని అడిగింది. ఆ మాటతో నా మీదున్న బరువు సగం దిగిపోయింది. తర్వాత మేమిద్దరం ఇంట్లో దాని గురించి మామూలుగానే మాట్లాడుకోగలుగుతున్నాం.

గ్రంథే లేదు కాబట్టి ఇప్పుడు పీఎస్ఏ దాదాపు సున్నా ఉండాలి. నాది 0.1 కంటే తక్కువ అని వచ్చింది. మళ్ళీ పెరుగుతూ 0.2 దాటితే జబ్బు తిరిగి వచ్చిందేమోనని చూస్తారు, అప్పుడు రేడియేషన్, హార్మోన్ మందులు ఉంటాయి. కాబట్టి కొన్నాళ్ళపాటు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. రక్తం ఇచ్చిన పూట నుంచి ఫోన్‌కి రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ పోదు. అది అలవాటవుతుందన్నారు, నాకింకా కాలేదు. ప్యాడ్ మాత్రం ఇప్పుడు పెళ్ళిళ్ళకీ, దూర ప్రయాణాలకీ తప్ప వాడటం లేదు.

తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు వస్తే మిగతా మగవాళ్ళకి ముప్పు రెట్టింపు. మా అబ్బాయికి నలభై అయిదు రాగానే పరీక్ష చేయించుకోమని చెప్పాను. వరంగల్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేస్తే, "నాకేం లేదన్నయ్యా, మూత్రం బాగానే వస్తోంది" అన్నాడు.

"నాకూ బాగానే వచ్చేదిరా" అన్నాను.

ఆ వారమే చేయించుకున్నాడు. 4 లోపే ఉంది. ఏడాదికోసారి చూసుకోమన్నారు.